అడ్వాన్స్ కట్టే ముందు ఏ ఒపెరా, ఏ సీటు అని అడగండి

ప్రశ్న: మాది విశాఖపట్నం. నేను బ్యాంకులో చేసి రిటైరయ్యాను, మావారు లెక్చరర్‌గా రిటైరయ్యారు. వచ్చే ఏడాదికి మా పెళ్లయి 35 ఏళ్లు. ఒక ట్రావెల్ కంపెనీ వాళ్లు ఒపెరా, ఆర్ట్, ఫైన్ డైనింగ్ అన్నీ కలిపి 11 రోజుల లగ్జరీ యూరప్ టూర్ బ్రోషర్ పంపారు. ఆగస్టు రెండో వారంలో బయలుదేరాలి. మిలాన్, వెరోనా, వెనిస్, సాల్జ్‌బర్గ్, వియన్నా తిప్పుతారట. మనిషికి తొమ్మిదిన్నర లక్షలు. నెలాఖరులోగా ఇద్దరికీ కలిపి రెండు లక్షలు అడ్వాన్స్ కట్టమంటున్నారు. పిల్లలేమో "మీకు ఒపెరా ఏం తెలుసని? అందులో సగం డబ్బుతో మీరే సొంతంగా వెళ్లిరండి" అంటున్నారు. మావారికి పద్యనాటకాలంటే ప్రాణం, పాటల్లోనే కథంతా నడిచే ఒపెరా చూడాలని ఎప్పటినుంచో కోరిక. ఆయన శాకాహారి, గుడ్డు తింటారు. నేను చేపా కోడీ తింటాను గానీ బీఫ్, పోర్క్ ముట్టను. భాష రాని చోట మూడు గంటలు కూర్చోగలమా? అక్కడ చీర కట్టుకుంటే బాగుంటుందా? ఇంత ఖర్చు సబబేనా? బ్రోషర్ జత చేస్తున్నాను.

సమాధానం: ముందు జవాబు చెప్పేస్తానండీ, కారణాలు తర్వాత. తప్పకుండా వెళ్లండి, మీవారి కోరిక తీరాల్సిందే. కానీ ఈ బ్రోషర్‌ని నమ్మి మాత్రం ఒక్క రూపాయి కూడా కట్టకండి.

మొదటి కారణం తేదీలు. వియన్నా స్టేట్ ఒపెరా సీజన్ సెప్టెంబర్‌లో మొదలై జూన్ చివరికి అయిపోతుంది. జులై, ఆగస్టుల్లో దానికి సెలవులు. మిలాన్‌లోని పేరున్న ఒపెరా థియేటర్ లా స్కాలా కూడా ఆగస్టులో ఒపెరాలు ఆడదు. మరి మీ బ్రోషర్‌లో వియన్నా పేజీ మీద స్టేట్ ఒపెరా భవనం ఫొటో పెద్దదిగా వేసి కింద "ఒపెరా సంగీత సాయంత్రం" అని రాశారు చూడండి, అది ఆ భవనంలో జరిగేది కాదు, జరగదు. వియన్నాలో టూరిస్టుల కోసం రకరకాల కచేరీలు ఉంటాయి. మొజార్ట్ కాలం నాటి కోట్లు, తెల్ల విగ్గులు వేసుకున్నవాళ్లు ఒపెరా చుట్టుపక్కల వీధుల్లో నిలబడి వాటికి టికెట్లు అమ్ముతుంటారు. పేరున్న పాటలు కొన్ని ఏరి పాడేస్తారు. సరదాగా ఒక గంట వినడానికి అవీ బాగానే ఉంటాయి. కానీ నాటకం మొత్తం కళ్లారా చూడాలని ఏళ్లుగా అనుకుంటున్న మనిషిని అంత దూరం తీసుకెళ్లి అక్కడ కూర్చోబెట్టడం అన్యాయం, అందులోనూ ఇంత డబ్బు తీసుకుని.

ఆగస్టులో నిజంగా జరిగేవి లేకపోలేదు. 1920లో మొదలైన సాల్జ్‌బర్గ్ ఉత్సవం జులై చివర్లో మొదలై ఆగస్టంతా ఉంటుంది, ప్రపంచంలో పెద్ద గాయకులందరూ అక్కడే ఉంటారు. మీ బ్రోషర్‌లో సాల్జ్‌బర్గ్‌కి ఇచ్చింది ఒక్క పూట, అదీ మొజార్ట్ పుట్టిన ఇల్లు చూసి బస్సెక్కడానికి. ఉత్సవం ఊసే లేదు. ఇక వెరోనా. దాదాపు రెండు వేల ఏళ్ల నాటి రోమన్ అరీనాలో ఆరుబయట ఒపెరా అది, 1913లో ఇటలీ స్వరకర్త వెర్డీ శతజయంతికి ఆయన "ఐదా" అనే ఒపెరాతో మొదలైంది, ఇప్పటికీ ప్రతి వేసవీ జరుగుతుంది. మీ టూర్ మొత్తంలో నికరమైన ఒపెరా ఇదొక్కటే. అయితే చీకటి పడ్డాక, రాత్రి తొమ్మిది దాటాక మొదలై అర్ధరాత్రి దాటాక గానీ అవదు. చవక టికెట్లకి రాతి మెట్లే సీట్లు, పగలంతా ఎండకి కాలి ఉంటాయి. మీ బ్రోషర్‌లో "అరీనా ప్రవేశం" అని మాత్రమే ఉంది. మెట్ల మీదా, కింద నంబరున్న కుర్చీల్లోనా అన్నది లేదు. అరవై దగ్గరపడిన మోకాళ్లకి ఈ తేడా చిన్నదేం కాదు. వాన పడితే ఏంటి అన్నదీ అడగాలి, ఎందుకంటే ప్రదర్శన మొదలయ్యాక వాన వచ్చి ఆగిపోతే మామూలుగా డబ్బు వెనక్కి రాదు.

ఇంకోటి, ఆగస్టు 15 ఇటలీలో పెద్ద సెలవు. దాని చుట్టూ రెండు మూడు వారాలు మిలాన్‌లో మంచి రెస్టారెంట్లు చాలావరకు మూసేసి వంటవాళ్లు కూడా సముద్రం ఒడ్డుకి పోతారు. అంటే మీరు డబ్బు కడుతున్న మూడింటిలో రెండు, ఒపెరా, భోజనం, మీరు వెళ్లే వారంలోనే పలచబడతాయి. ఆగస్టులో గ్రూపులకు హోటల్ గదులు దొరికాయి గనక ఎవరో అప్పటికి టూర్ పెట్టేశారు, అంతకుమించి నాకు కారణం కనిపించడం లేదు.

కాబట్టి అక్టోబర్‌కి మార్చమనండి, లేదా ఏప్రిల్, మే. మీ ఇద్దరూ రిటైరయ్యారు, సెలవుల గొడవ లేదు. ఊళ్లు కూడా తగ్గించమనండి. పదకొండు రోజుల్లో ఐదు ఊళ్లంటే రోజు విడిచి రోజు పెట్టె సర్దుకోవడమే. మిలాన్ నాలుగు రాత్రులు, వియన్నా ఐదు రాత్రులు, మధ్యలో కావాలంటే వెనిస్ ఒకటి రెండు రోజులు. మిలాన్ నుంచి వెనిస్‌కి రైల్లో రెండున్నర గంటలే. నన్నడిగితే ఇది చాలు.

ఇప్పుడు సీట్ల సంగతి. దీని గురించి ఎవరూ ముందు చెప్పరు. బ్రోషర్‌లో "బాక్స్ సీట్లు" అని బంగారు అక్షరాలతో ఉంది కదా, అది చూసి మురిసిపోకండి. ఈ పాత థియేటర్లు గుర్రపునాడా ఆకారంలో కడతారు, గోడ వెంబడి అంతస్తులు అంతస్తులుగా చిన్న చిన్న గదులు, అవే బాక్సులు. 1778లో లా స్కాలా కట్టినప్పుడు ఆ బాక్సులు పెద్దింటివాళ్లవి. నాటకం చూడటం ఎంతో, ఎదుటి బాక్సులో ఎవరొచ్చారో చూడటమూ వాళ్లకి అంతే. అందుకే పక్కవైపు బాక్సుల్లో ముందు వరుసలో కూర్చున్నవాళ్లకి తప్ప వెనక కుర్చీలకి వేదిక సగం కూడా కనపడదు, మెడ సాచాలి, లేదా లేచి నిలబడాలి. టికెట్ ధర కూడా అందుకే తక్కువ. టూర్ కంపెనీకి అది చవక, బ్రోషర్‌లో చూస్తే మహా వైభోగం. మీరు అడగాల్సింది ఇలా: "కింద హాల్లో వరుస సీట్లా, బాక్సులోనా? బాక్సయితే ఎదురుగా ఉండేదా పక్కదా, ముందు వరుసేనా?" ఇది మెయిల్లో రాయించుకోండి. మామూలు రోజుల్లో వియన్నాలో గానీ మిలాన్‌లో గానీ బాగా కనపడే ఖరీదైన సీటే సుమారు 250, 300 యూరోల దగ్గర ఉంటుంది. రెండు ప్రదర్శనలకి మనిషికి అరవై వేలు అనుకున్నా, మీరు కట్టే తొమ్మిదిన్నర లక్షల్లో అదెంత? అక్కడ పొదుపు చేసే కంపెనీ ఇంకెక్కడ చేతులు విదిలిస్తుంది? డిసెంబర్ 7న లా స్కాలా సీజన్ మొదటి రాత్రి మాత్రం వేరే లోకం, టికెట్టు మూడు వేల యూరోల దాకా పోతుంది. మీకు ఆ రాత్రి అక్కర్లేదు.

ఏ ఒపెరా అన్నది సీటుకంటే ముఖ్యం. మొదటిసారి చూసేవాళ్లకి లా బొహేమ్, లా ట్రావియాటా, టోస్కా, మొజార్ట్ మ్యాజిక్ ఫ్లూట్, వీటిలో ఏది దొరికినా అదృష్టమే. జర్మన్ స్వరకర్త వాగ్నర్‌వి కొన్ని విరామాలతో కలిపి ఐదు గంటలు దాటతాయి, గొప్పవే, కానీ మొదటి పరిచయానికి వద్దు. వియన్నాలో ఒక సౌకర్యం ఏంటంటే అక్కడ ఒకే నాటకాన్ని వరసగా నెలల తరబడి ఆడరు, ఈ రాత్రి ఒకటి, రేపు ఇంకొకటి. ఐదు రాత్రులుంటే మీకు నచ్చింది తగిలే అవకాశం ఎక్కువ. టోస్కా తగిలితే ఇంకేం ఆలోచించకండి. అక్కడ 1958లో మార్గరెటె వాల్‌మన్ తయారుచేసిన ప్రదర్శననే ఇప్పటికీ ఆడుతున్నారు, చర్చి, రాజభవనం, కోట, అన్నీ కథలో ఉన్న రోమ్ నగరంలాగే కళ్లముందు నిలబెడతారు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఈ రోజుల్లో దర్శకులు పాత కథని తీసుకెళ్లి ఏ ఆఫీసులోనో ఏ హాస్పిటల్లోనో పెట్టడం మామూలైపోయింది, కథ ముందే తెలిసినవాళ్లకి అదో ఆసక్తి, మొదటిసారి చూసేవాళ్లకి గందరగోళం.

భాష గురించి బెంగ వద్దు. రెండు చోట్లా సీటు ముందు చిన్న తెర ఉంటుంది, మాటలు ఇంగ్లిష్‌లో వస్తూ ఉంటాయి. అయినా అసలు చేయాల్సింది ఇంట్లోనే. బయలుదేరడానికి రెండు నెలల ముందు నుంచి కథ చదువుకోండి, రికార్డింగ్ పెట్టుకుని వంట చేస్తూనో నడుస్తూనో వింటూ ఉండండి. అక్కడికెళ్లేసరికి పాట ఎత్తుకోగానే గుర్తుపడతారు. మీవారికైతే నా సలహా కూడా పెద్దగా అక్కర్లేదు. పద్యం అయిపోయాక రాగం పట్టుకుని నటుడు సాగదీస్తుంటే, కథ ముందుకి కదలకపోయినా ఊపిరి బిగబట్టి వినే అలవాటు ఆయనకి ఎలాగూ ఉంది. ఒపెరాలో ఆరియా అంటే సరిగ్గా అదే, కథ ఆగి మనసు పాడుతుంది. పైగా అక్కడ గొంతుకి మైకు లేదు. మైకులు రాకముందు మన నాటకాల్లో చివరి వరుసకి వినపడేలా పాడినట్టే, వాద్యాల హోరు దాటించి గొంతు హాలంతా నింపాలి. "వన్స్ మోర్" మాత్రం ఆయన్ని కాస్త ఆపుకోమనండి! లా స్కాలాలో టోస్కానీని లాంటి కండక్టర్లు, అంటే వాద్యబృందాన్ని నడిపించేవాళ్లు, నాటకం మధ్యలో మళ్లీ పాడించే అలవాటుని పట్టుబట్టి మాన్పించారు. 1933 తర్వాత దశాబ్దాల పాటు అక్కడ ఏ గాయకుడూ ఒంటరి పాటని మళ్లీ పాడలేదు, 2007లో పెరూ గాయకుడు హువాన్ డియెగో ఫ్లోరెస్ తొమ్మిది తారస్థాయి స్వరాలున్న పాట పాడి, జనం చప్పట్లు ఆపకపోతే అదే పాట మళ్లీ అందుకున్నాడు. అదొక పెద్ద వార్త అయింది.

భోజనం గురించి. టూర్ వాళ్లు వియన్నాలో ఒకే రోజు పొద్దున మ్యూజియం, సాయంత్రం ఏడుకి సంగీతం, ఆ తర్వాత "మిషెలిన్ స్టార్ డిన్నర్" పెట్టారు. మిషెలిన్ అనే గైడు పుస్తకం మంచి రెస్టారెంట్లకిచ్చే గుర్తింపే ఆ స్టార్. ఆ సంగీతం బదులు నిజమైన ఒపెరా పెట్టుకుంటే ఇది జరిగే పని కాదండీ. ఒపెరా అయ్యేసరికి పది దాటుతుంది, పెద్ద వంటిళ్లు అప్పటికి కట్టేస్తుంటాయి, ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా వడ్డించే టేస్టింగ్ మెనూకి కనీసం మూడు గంటలు పడుతుంది. ఒకవేళ ముందే తిని వెళ్తే ఏడెనిమిది రకాలు కడుపులో పెట్టుకుని రెండో అంకంలో కునుకు తీస్తారు. ఒపెరా ఉన్న రోజు పగలు తేలిగ్గా తిని, మధ్యాహ్నం ఒక గంట పడుకుని, సాయంత్రం ఏదో కొంచెం నోట్లో వేసుకుని వెళ్లండి. విరామంలో పానీయం, చిన్న శాండ్‌విచ్ లాంటివి ముందే చెప్పి ఉంచితే మీ పేరుతో టేబుల్ మీద పెడతారు, క్యూలో నిలబడక్కర్లేదు. పెద్ద భోజనం ఒపెరా లేని రోజు పెట్టుకోండి, వీలైతే మధ్యాహ్నం పూట, చాలా చోట్ల లంచ్ మెనూ డిన్నర్ కంటే చవక కూడా.

శాకాహారం అంటే వాళ్ల లెక్క వేరు. ఉదాహరణకి మిలాన్ పేరు చెప్పగానే అందరూ తినమనే కుంకుమపువ్వు రిసోట్టో, అదొక అన్నం వంటకం. చూడ్డానికి పసుపుపచ్చగా, నెయ్యి పొంగలిలా ఉంటుంది, మాంసం ముక్క ఒక్కటీ కనపడదు, కానీ సంప్రదాయంగా దాన్ని ఉడికించేది మాంసపు రసంలో, ముందుగా వేయించేది ఎద్దు మూలుగతో. అంటే ఆయనకే కాదు, మీకూ కుదరదు. పార్మెజాన్ చీజ్‌ని దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్‌తో తోడుపెడతారు, పన్నకోట్టా అనే మీగడ స్వీటులో జంతువుల ఎముకలు, తోలు నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. రొట్టెపొడి అద్ది వేయించే వియన్నా ష్నిట్సెల్ అసలుది దూడమాంసం, చవకరకం పంది. ఇవి మీకు ఎంతవరకు పట్టింపో మీరే తేల్చుకుని, తినేవీ తిననివీ ఇటాలియన్‌లో, జర్మన్‌లో రాయించి ప్రింటు తీసుకెళ్లండి, కంపెనీ చేత రెస్టారెంట్లకి ముందే పంపించండి. టేస్టింగ్ మెనూ టేబుల్‌లో అందరూ ఒకటే తీసుకోవాలనే నియమం చాలా చోట్ల ఉంటుంది, మీ ఇద్దరికీ వేరు వేరు కావాలని ఇప్పుడే చెప్పకపోతే అక్కడ ఆయన ముందు ఉడికించిన కూరముక్కలు పెడతారు.

వియన్నాలో టియాన్ అని మిషెలిన్ స్టార్ ఉన్న రెస్టారెంట్ ఉంది, పూర్తిగా శాకాహారం. ఆయన అక్కడ దేనికీ "ఇందులో ఏముంది" అని అడగక్కర్లేకుండా తినగలరు, మీరూ ఆనందంగా తింటారు. మీకు చేప మీద మనసుంటే నగరం మధ్యలో పార్కులో ఉన్న స్టైరరెక్, 2025లో దానికి మూడు స్టార్లు వచ్చాయి. మంచినీటి చేప ముక్క మీద మీ కళ్లముందే వేడి తేనెమైనం పోస్తారు, ఆ వేడికే లోపల చేప మెల్లగా ఉడుకుతుంది, తర్వాత మైనం పెంకు తీసేసి వడ్డిస్తారు. రొట్టెల బండి ఒకటి తోసుకొస్తారు, ఆయనకి అదే సగం భోజనం. ఇద్దరూ మందు తాగకపోతే బ్రోషర్‌లో ఉన్న "వైన్ పెయిరింగ్" ధర తీసేయమనండి. ఒక్కో వంటకానికి ఒక్కో వైన్ పోసేది అది, మనిషికి పూటకి వేల రూపాయలు ఉంటుంది.

ఆర్ట్ విషయంలో మాత్రం గైడుకి డబ్బు పెట్టడం దండగ కాదు, ఇక్కడ పిల్లల మాటతో నేను ఏకీభవించను. మిలాన్‌లో లియొనార్డో గీసిన లాస్ట్ సప్పర్, శిష్యులతో క్రీస్తు చివరి భోజనం గోడచిత్రం, చూడ్డానికి ఇచ్చేది 15 నిమిషాలే, చిన్న చిన్న గుంపులుగా, ఒకదాని తర్వాత ఒకటి తెరుచుకునే అద్దాల తలుపుల గుండా పంపిస్తారు. టికెట్లు నెలల ముందే అయిపోతాయి, సోమవారం సెలవు. ఆ పావుగంటలో ఏం చూడాలో ఎవరో ఒకరు చెప్పి ఉండాలి. లియొనార్డో తడి సున్నం మీద కాకుండా ఆరిన గోడ మీద వేశాడు, అందుకే ఆయన బతికుండగానే రంగు పాడవసాగింది. బల్ల మధ్యలో క్రీస్తు కింద చూడండి, పాదాలుండాల్సిన చోట ఒకప్పటి తలుపు గుర్తు ఉంటుంది. 1652లో ఈ చిత్రం ఉన్న మఠంవాళ్లే గోడ తొలిచి పెట్టుకున్నారు, తర్వాత మూసేశారు. 1943లో బాంబు పడి పక్క గోడా పైకప్పూ కూలినా, ఇసుక బస్తాలు పేర్చి ఉంచడంతో ఈ గోడ నిలిచింది. ఎదుటి గోడ మీద మోంటోర్ఫానో వేసిన శిలువ చిత్రం కూడా అదే కాలానిది, తడి సున్నం మీద వేసింది కాబట్టి రంగులు ఇంకా గట్టిగా ఉన్నాయి. జనం అటు తిరగరు, మీరు ఒక్క నిమిషం తిరిగి చూడండి.

వియన్నాలో కున్స్ట్‌హిస్టోరిషెస్ మ్యూజియంలో అన్ని గదులూ చూడాలని పెట్టుకోకండి. బ్రూగెల్ అనే పాతకాలపు చిత్రకారుడి గదిలో ఒక గంట కూర్చోండి, ప్రపంచంలో ఆయన చిత్రాలు అన్నేసి ఒక్కచోట ఇంకెక్కడా లేవు. పల్లెటూరి పెళ్లిభోజనం చిత్రం మీ ఇద్దరికీ మరీ నచ్చుతుంది. కొట్టాంలో బంతులు సాగుతుంటాయి, ఊడదీసిన తలుపు చెక్క మీద గిన్నెలు పేర్చి ఇద్దరు మోసుకొస్తుంటే ఒకడు కూర్చున్నచోటు నుంచే తిరిగి అందుకుని బల్ల మీద పెడుతుంటాడు. ఆకుపచ్చ గుడ్డ ముందు పెళ్లికూతురు చేతులు ముడుచుకుని కళ్లు మూసుకుని కూర్చుంటుంది, ముందువైపు తలకంటే పెద్ద టోపీ పెట్టుకున్న పిల్ల వేలితో గిన్నె నాకుతుంటుంది. పెళ్లికొడుకు ఎవరన్నది చూసేవాళ్లు ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నారు. మీవారిని వెతకమనండి.

చీర గురించి అడిగారు. పట్టుచీరే కట్టుకోండి, ఆ హాలుకి అంతకంటే తగిన బట్ట లేదు. ఆయన పంచె లాల్చీ కట్టుకున్నా, సూటు వేసుకున్నా గౌరవంగానే ఉంటుంది. లా స్కాలాలో నిక్కర్లు, చేతుల్లేని బనీన్లు, హవాయి చెప్పులు ఒప్పుకోరు, అంతే. అక్టోబర్ రాత్రులు చలి కాబట్టి లోపల థర్మల్, పైన కోటు, కోటు లోపలికి తీసుకెళ్లకుండా బయట అప్పజెప్పాలి, శాలువా చేతిలో ఉంచుకోండి. ఆలస్యంగా వెళ్తే విరామం దాకా బయట ఉండాల్సిందే, కాబట్టి అరగంట ముందే వెళ్లండి.

ఖర్చు సబబా అంటే, పైన చెప్పినవన్నీ రాతపూర్వకంగా ఇస్తే, గ్రూపు పదిహేను మందికి మించకపోతే, మ్యూజియంలకి లైసెన్సున్న గైడు వస్తే, సబబే. వీసాలు, రైళ్లు, టికెట్లు, రెస్టారెంట్లతో ఉత్తరాలు, ఇదంతా మీరే చేసుకుంటే ఖర్చు బాగా తగ్గుతుంది గానీ బోలెడు టెన్షన్. పిల్లల్లో ఒకరు కూర్చుని చేసిపెడతానంటే అదీ మంచి దారే, అప్పుడు మ్యూజియంలకి మాత్రం గైడుని విడిగా పెట్టుకోండి. కంపెనీ ద్వారా వెళ్తే టీసీఎస్ అని ముందస్తు పన్ను పైన కొంత వసూలు చేస్తారు. అది మీ పాన్ మీద జమవుతుంది, రిటర్న్ వేసేటప్పుడు సర్దుకోవచ్చు, రేటు మారుతూ ఉంటుంది కాబట్టి బుక్ చేసే రోజున అడగండి. ఇటలీ, ఆస్ట్రియా రెంటికీ పనికొచ్చే షెంగెన్ వీసాకి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టొచ్చు, ఫీజు 90 యూరోలు, కనీసం 30,000 యూరోల ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. ఏ దేశంలో ఎక్కువ రోజులుంటే ఆ దేశానికి పెట్టాలి, ఇటలీ ఆస్ట్రియా రాత్రుల లెక్క తేలాకే ఆ పని.

ఇవాళే కంపెనీకి మెయిల్ పెట్టండి: తేదీ అక్టోబర్‌కి మారుతుందా, ఏ థియేటర్‌లో ఏ ఒపెరా, ఏ వరుస, లాస్ట్ సప్పర్ టికెట్ ఖాయమా, ఆయనకీ మీకూ విడి మెనూలు ఇస్తారా, రద్దు చేస్తే అడ్వాన్స్‌లో ఎంత వెనక్కి వస్తుంది. ఫోన్లో "అన్నీ చూసుకుంటాం మేడమ్" అంటే ఒప్పుకోకండి. నెలాఖరు దాటితే ఆఫర్ పోతుందని తొందరపెడితే, పోనివ్వండి.